ఘంటసాల వెంకటేశ్వరరావు

ఘంటసాల వెంకటేశ్వరరావు (డిసెంబరు 4, 1922 - ఫిబ్రవరి 11, 1974) తెలుగు చలనచిత్ర రంగంలో సుప్రసిద్ధ నేపథ్య గాయకుడు, సంగీత దర్శకుడు. కృష్ణా జిల్లాలో జన్మించి, విజయనగరంలో సంగీత విద్యనభ్యసించి, మద్రాసులో స్థిరపడి, మూడు దశాబ్దాలపాటు తెలుగువారి ఇంటింటా వినిపించిన గాయకుడు. పద్యాలు, భక్తి గీతాలు, యుగళగీతాలు, హాస్యగీతాలు అన్నీ పాడినప్పటికీ, 1953లో విడుదలైన దేవదాసు చిత్రంలోని విషాద గీతాలు, వానిలో ముఖ్యంగా జగమే మాయ అనే పాట, ఆయన పేరుతో పెనవేసుకొని పోయాయి. భగ్నప్రేమకు తెలుగులో ఇంతకు మించిన పాట లేదని భావించేవారు నేటికీ ఎందరో ఉన్నారు. ఆ పాట మద్రాసులో తయారైనా, దానిని పాడిన గొంతు తయారైనది విజయనగరంలో. అక్కడ ఒక అనాథ విద్యార్థి ఆకలితో పడిన పాట్లు, ఒక పేద గురువు చూపిన దయ తెలియకుండా ఆ పాట కథ పూర్తి కాదు.

బాల్యం

ఘంటసాల గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో సూరయ్య, రత్తమ్మ దంపతులకు జన్మించాడు. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవాడు, నారాయణ తీర్థుల తరంగాలు శ్రావ్యంగా పాడేవాడు. భజనలకు వెళ్ళేటప్పుడు కుమారుని భుజాలపై కూర్చుండబెట్టుకొని సంగీతం జరిగే చోటికి తీసుకువెళ్ళేవాడు. బాలుడు తరంగాలు విని పాడుతూ, వాటికి అనుగుణంగా నృత్యం చేసేవాడు. చూసినవారు అతనిని బాలభరతుడు అని పిలిచేవారు.

ఘంటసాలకు సుమారు పదకొండేళ్ళ వయస్సులో సూరయ్య మరణించాడు. సంగీతం గొప్పదనాన్ని వివరించి, కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలని ఆయన అంత్యకాలంలో కోరినట్లు ఘంటసాల జీవితచరిత్రలు చెబుతున్నాయి. తండ్రి మరణంతో కుటుంబం దిక్కులేనిదయింది. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య వారిని చేరదీశాడు. ఆ తరువాత ఒక ఉత్సవ సందర్భంలో పేరున్న విద్వాంసులతో పోటీపడి పాడబోయి, ఓడిపోయి నవ్వులపాలయ్యాడు. వినికిడి విద్య చాలదని, గురుముఖతః నేర్చుకోక తప్పదని అప్పుడు తెలిసివచ్చింది. తనకు తెలిసిన సంగీత విద్వాంసుల ఇళ్ళలో పనిచేస్తూ నేర్చుకోవాలని ప్రయత్నించాడు. ఒక ఇంట బట్టలు ఉతికాడు, మరొక ఇంట వంట చేశాడు. పని మిగిలింది గాని, చదువు పెద్దగా సాగలేదు.

విజయనగరం ప్రయాణం

ఆ కాలంలో తెలుగు దేశంలో శాస్త్రీయ సంగీతాన్ని ఒక పద్ధతిలో నేర్పే కళాశాల అంటే విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలే. పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో దీనిని స్థాపించాడు. హరికథా పితామహుడు ఆజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రధానాచార్యుడు. ఆయన తరువాత, 1936లో, వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ పదవిలోకి వచ్చాడు. విజయనగరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలో ఉండేది (విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది). సంస్థానం, కోట, సంస్కృత కళాశాల, సంగీత కళాశాల ఉండడం వలన పండితులకు, గాయకులకు, నటులకు ఆ ఊరు పుట్టినిల్లుగా ఉండేది. గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం 1892లో మొదట ప్రదర్శింపబడినది కూడా ఇక్కడే.

ఘంటసాల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, చేతి ఉంగరం అమ్మగా వచ్చిన కొద్దిపాటి డబ్బుతో విజయనగరం చేరుకున్నాడు. తీరా వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ప్రధానాచార్యుడైన ద్వారం వెంకటస్వామి నాయుడిని కలిసి తన పరిస్థితి చెప్పుకోగా, కళాశాల ఆవరణలో ఉండడానికి ఆయన అనుమతించాడు. తలదాచుకోవడానికి చోటు దొరికింది, ఇక భోజనం సంగతి చూసుకోవలసి వచ్చింది.

వారాలు, మాధుకరం

అప్పటి పేద విద్యార్థులకు చదువుకునే ఊళ్ళో వారాలు చేసుకోవడం ఒక్కటే ఆధారం. వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క గృహస్థు ఇంట భోజనం చేసి చదువు సాగించడాన్ని వారాలు చేసుకోవడం అంటారు. అది దానమే అయినా దానికొక గౌరవం ఉండేది. వారం పెట్టే ఇల్లాలికి పిల్లవాని నడవడిపై నమ్మకం ఉన్నంతవరకే ఆ అన్నం దొరికేది.

ఘంటసాల విషయంలో ఆ నమ్మకం ఎక్కువ కాలం నిలవలేదు. తోటి విద్యార్థులు చేసిన తప్పు అతని మీద పడింది. కళాశాలలో ఉండడానికి వీలులేకపోయింది. ఆ సంగతి ఊళ్ళో తెలిసి, వారాలు పెట్టే ఇళ్ళవారు తమ ఇంటికి రావద్దన్నారు. చేయని తప్పుకు ఒక్కసారిగా నీడా కూడూ రెండూ పోయాయి. వేరే దారి లేక ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

కళాశాలలో గాత్ర సంగీతం బోధించే పట్రాయని సీతారామశాస్త్రి అతనిని చూసినది ఆ గుడిలోనే. విషయం తెలుసుకొని, తన ఇంట ఉచితంగా సంగీతం నేర్పడానికి అంగీకరించాడు. శాస్త్రి స్వయంగా పేదవాడు. విద్య ఇవ్వగలడు గాని మరొక విస్తరి వేయగల స్థితిలో లేడు. అప్పుడు ఒక సాధువు ఘంటసాలకు జోలె కట్టుకొని మాధుకరం చేయడం నేర్పాడు. తుమ్మెద పువ్వు పువ్వునూ తాకి తేనె కూర్చుకున్నట్లు ఇంటింటికీ వెళ్ళి కొద్దికొద్దిగా అన్నం తెచ్చుకోవడం మాధుకరం. శాస్త్రం దృష్టిలో అది బ్రహ్మచారికి విధించిన వృత్తి. ఆకలిగొన్న కుర్రవానికి మాత్రం భిక్షాటనే. వారాలకు వెళ్ళేవాడు ఒక ఇంటి అతిథి. జోలె పట్టినవాడు ఏ ఇంటికీ చెందనివాడు. ఈ తేడా గమనించకపోతే ఆ రోజులలో ఘంటసాల ఎంత దిగువకు వచ్చాడో నేటి పాఠకులకు అర్థం కాదు.

రోజూ ఒకసారి తిరిగి రెండు పూటలకు సరిపడే అన్నం తెచ్చుకునేవాడు. మిగిలినది గుడ్డలో మూటకట్టి ఉంచితే చీమలు పట్టేవి. మేనమామకు ఉత్తరం వ్రాసి ఒక డబ్బా తెప్పించుకొని, రెండవ పూట అన్నం అందులో దాచుకున్నాడు.

పట్రాయని సీతారామశాస్త్రి శిక్షణ

పట్రాయని వారిది సాలూరు. సీతారామశాస్త్రి తండ్రి పట్రాయని నరసింహశాస్త్రి అక్కడ సంగీతం నేర్పేవాడు. తండ్రిని సాలూరు పెద గురువుగారు అని, కుమారుని చిన గురువుగారు అని పిలిచేవారు. సాలూరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆ ప్రాంతానికే చెందిన శివరామపురంలో, ఘంటసాల పుట్టిన 1922లోనే, సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు జన్మించాడు. తరువాతి కాలంలో తెలుగు సినిమా పాటకు ఒక రూపు కల్పించిన వీరిద్దరి సంగీతానికీ సాలూరు సీమతో సంబంధం ఉండడం గమనించదగినది.

సీతారామశాస్త్రి హార్మోనియం వాయించుకుంటూ పాడడంలో ప్రసిద్ధుడు. హార్మోనియంను శాస్త్రీయ సంగీతానికి పనికిరానిదిగా చాలామంది పండితులు త్రోసిపుచ్చుతున్న రోజులవి. శ్రుతిశుద్ధి, సహజమైన గొంతు, సాహిత్యం అర్థమయ్యేలా పాడడం ఆయన పట్టించుకున్న విషయాలు. స్వరకల్పనలతో సభను గెలవడం కంటె, పాటలోని మాట విన్నవాని మనస్సుకు చేరడం ముఖ్యమని భావించే సంప్రదాయం అది. ఘంటసాల గాత్రంలో చివరివరకూ కనిపించిన గుణాలు కూడా ఇవే. ఎంత గంభీరమైన రాగంలోనైనా ఆయన పాడిన పద్యంలో ఒక్క అక్షరం మింగుడుపడదు. సమాసాలతో నిండిన పద్యం కూడా అక్షరజ్ఞానం లేనివానికి వినిపించేది.

సెలవుల అనంతరం ఘంటసాల కళాశాలలో చేరాడు. శాస్త్రి శిక్షణలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలోనే పూర్తిచేశాడు. కొంతకాలం విజయనగరంలోనే కచేరీలు చేసి పేరు తెచ్చుకొని, ఆ తరువాత చౌటపల్లికి తిరిగి వెళ్ళాడు. తన గురువు ఎవరని అడిగినవారికి జీవితాంతం ఆయన చెప్పిన పేరు సీతారామశాస్త్రిదే.

స్వాతంత్ర్యోద్యమం, వివాహం

స్వగ్రామంలో ఉత్సవాలలో, వివాహాలలో పాడుతూ, పిల్లలకు సంగీత పాఠాలు చెబుతూ జీవనం సాగించాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయి, బళ్ళారి దగ్గర అలీపురం జైలులో శిక్ష అనుభవించాడు. 1944 మార్చి 4న సావిత్రిని వివాహం చేసుకున్నాడు. తన పెళ్ళినాటి సాయంత్రం తానే కచేరీ చేశాడు.

అత్తవారి ఊరు పెదపులివర్రు. సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య (సముద్రాల సీనియర్) స్వగ్రామం కూడా అదే. ఘంటసాల పాట విన్న సముద్రాల, మద్రాసు వస్తే సినిమాలలో అవకాశం చూపిస్తానని ప్రోత్సహించాడు.

మద్రాసులో తొలి రోజులు

మద్రాసులో సముద్రాల తన ఇంటిలోనే చోటు ఇచ్చినా, ఆ ఇల్లు చాలా చిన్నది. ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఘంటసాల త్యాగరాయనగరంలోని పానగల్ పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలు ఇచ్చి అక్కడ పడుకునేవాడు. పగలంతా అవకాశాల కోసం తిరిగేవాడు. ఒక గ్రామఫోను కంపెనీ ఆయన గొంతు రికార్డుకు పనికిరాదని మొదట తిప్పిపంపింది. తరువాత హెచ్.ఎం.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆయన చేత రికార్డు పాడించాడు. రేడియోలో లలిత గీతాలు పాడే అవకాశం కూడా లభించింది.

1944లో సీతారామ జననం చిత్రంలో బృందగానంలో పాడి, చిన్న వేషం వేశాడు. స్వర్గసీమ (1945)లో భానుమతితో కలిసి పాడినందుకు 116 రూపాయలు ముట్టాయి. నేపథ్య గాయకునిగా ఇది ఆయనకు మొదటి మెట్టు. త్యాగయ్య, యోగి వేమన చిత్రాలలో చిన్న పాత్రలు ధరించాడు. బాలరాజు (1948)లో అక్కినేని నాగేశ్వరరావుకు పాడాడు. కీలుగుర్రం, మనదేశం (1949) చిత్రాలతో సంగీత దర్శకుడయ్యాడు. షావుకారు (1950), పాతాళ భైరవి (1951), పెళ్ళిచేసి చూడు (1952) చిత్రాలకు చేసిన సంగీతం ఆయనను అగ్రశ్రేణిలో నిలిపింది. సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన మల్లీశ్వరి (1951)లో ఎడబాటును పాడిన తీరు రాబోయే దేవదాసుకు ముందుమాట వంటిది.

దేవదాసు

శరత్ చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల దేవదాసు 1917లో వెలువడింది. జమీందారు కుమారుడైన దేవదాసు, ఇరుగింటి పార్వతి చిన్ననాటి నుండి ప్రేమించుకుంటారు. అంతస్తుల తేడా వలన పెద్దలు ఒప్పుకోరు. నిర్ణయం తీసుకోవలసిన సమయంలో దేవదాసు వెనుకాడతాడు. పార్వతికి ఒక ముసలి జమీందారుతో పెళ్ళి జరిగిపోతుంది. పశ్చాత్తాపంతో దేవదాసు మద్యానికి బానిసై, చివరకు ఆమె అత్తవారింటి ముంగిట ప్రాణాలు విడుస్తాడు. శరత్ నవలలు చక్రపాణి వంటివారి అనువాదాల ద్వారా తెలుగు ఇళ్ళలో సొంత కథలుగా చెల్లుబాటయ్యాయి. కనుక ఆ కథ ఆంధ్రులకు కొత్త కాదు.

న్యూ థియేటర్స్ వారు 1930లలో ఈ కథను బెంగాలీలోను, హిందీలోను తీశారు. హిందీ చిత్రంలో కె.ఎల్. సైగల్ తానే నటించి తానే పాడాడు. తెలుగులో వినోదా పిక్చర్స్ పక్షాన డి.ఎల్. నారాయణ నిర్మించగా, వేదాంతం రాఘవయ్య దర్శకత్వం వహించాడు. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసుగా, సావిత్రి పార్వతిగా, లలిత చంద్రముఖిగా నటించారు. అంతవరకు జానపద వీరునిగా పేరుపడిన నాగేశ్వరరావు ఈ పాత్రకు తగడని అన్నవారు ఉన్నారు. కళ్ళలో మత్తు, అలసట సహజంగా కనిపించడానికి తాగుడు సన్నివేశాలను ఎక్కువగా రాత్రివేళ చిత్రీకరించారు. నటునికి రూపం ఆ విధంగా అమరింది. గొంతు మాత్రం మరొకరిది కావలసి వచ్చింది. సైగల్ చిత్రంలో దుఃఖం, గానం ఒకే మనిషివి. తెలుగు దేవదాసులో దుఃఖం ఒకరి ముఖంలో, మరొకరి కంఠంలో రెండుగా ఉండి, ప్రేక్షకునికి ఒక్కటిగా వినిపించాలి. నేపథ్య గానం తెలుగులో నిలదొక్కుకుంటున్న రోజులలో ఇది చిన్న పరీక్ష కాదు.

సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్. కర్ణాటక సంగీతాన్ని, పాశ్చాత్య వాద్యాల పోకడలను సినిమా పాటలో కలిపిన ప్రతిభావంతుడు. దేవదాసు చిత్రం పూర్తికాకుండానే 1952లో, 28 ఏళ్ళ వయస్సులో, ఆయన హఠాత్తుగా మరణించాడు. మిగిలిన సంగీతాన్ని ఆయన సహాయకులైన ఎం.ఎస్. విశ్వనాథన్, టి.కె. రామమూర్తి పూర్తిచేశారు. వారిద్దరూ తరువాత జంటగా తమిళ చిత్రసీమను ఏలారు. పాటలు సముద్రాల పేరున వెలువడ్డాయి. మద్రాసులో మొదట ఆశ్రయమిచ్చినవాడు వ్రాసిన మాటలే ఘంటసాలకు ఎక్కువ కీర్తిని తెచ్చిపెట్టాయన్నమాట. ఈ పాటల రచనలో మల్లాది రామకృష్ణశాస్త్రి చేయి ఉన్నదన్న మాట సాహితీ వర్గాలలో చాలాకాలంగా వినిపిస్తున్నది.

జగమే మాయ పాటలో ప్రేమించిన స్త్రీ ప్రస్తావన కంటె లోకం తీరు పట్ల నిర్వేదమే ఎక్కువ. ప్రేమలో ఓడినవాడు ప్రేయసిని నిందించకుండా, తనను సమర్థించుకోకుండా, మాయను గురించి మాట్లాడతాడు. పాశ్చాత్య దేశాల విరహగీతాలలో గాని, ఉర్దూ గజళ్ళలో గాని ఎక్కువగా వినిపించేది ప్రేయసిని ఉద్దేశించిన మొర. తెలుగు పాట అందుకు భిన్నంగా తత్త్వాల బాణీని ఆశ్రయించింది. తంబురా పట్టుకొని బైరాగులు వీధులలో పాడే తత్త్వాలు తెలుగు పల్లెలలో అందరికీ తెలిసినవే. బిచ్చానికి వచ్చినవాడు సంసారం అశాశ్వతమని గడప ముందు నిలిచి పాడతాడు, ఇల్లాలు పిడికెడు బియ్యం వేస్తుంది. సర్వం పోగొట్టుకున్న జమీందారు బిడ్డ నోట ఆ బిచ్చగాని వేదాంతం పలికించడంలోనే ఈ పాట బలం ఉంది. తాగినవాని మాట కనుక అది వేదాంతమో, తప్పించుకోవడమో వినేవానికి తేలదు. పాట ఇన్నేళ్ళు నిలవడానికి ఈ సందిగ్ధత కూడా ఒక కారణం.

ఘంటసాల దీనిని పాడిన విధానం పరిశీలించదగినది. తాగుబోతు పాత్రకు పాడేటప్పుడు మాటలను ముద్దచేసి, వెక్కిళ్ళు కలిపి పాడడం తేలిక మార్గం. ఆయన మత్తును ప్రధానంగా స్వరాలను సాగదీయడంలో, పాదానికి పాదానికి మధ్య విరామంలో చూపించాడు. శ్రుతి ఎక్కడా తొణకదు, మాట ఎక్కడా చెదరదు. కంఠం మంద్రంలో నెమ్మదిగా నడుస్తుంది. విద్వత్తు చూపగలిగిన చోట కూడా సంగతులు వేయకుండా విడిచిపెట్టాడు. రెండేళ్ళు శాస్త్రీయ సాధన చేసినవాడు ఆ సాధనను దాచుకొని పాడిన పాట ఇది. సీతారామశాస్త్రి వద్ద నేర్చిన పాఠం, అనగా మాట చేరడమే ముఖ్యమన్నది, ఇక్కడ ఫలించింది. గుడి అరుగు మీద పడుకొని జోలెతో ఇల్లిల్లూ తిరిగిన రోజులు ఆ కంఠంలో ఉన్నాయని అభిమానులు అంటూ ఉంటారు. గాయకుని జీవితాన్ని పాటకు అంత నేరుగా ముడిపెట్టడం సరికాకపోవచ్చు. కాని అర్థించినవాని గొంతు ఎలా ఉంటుందో ఆయనకు వేరొకరు చెప్పవలసిన పని లేదు.

చిత్రం 1953 జూన్ 26న విడుదలై ఘనవిజయం సాధించింది. తమిళ చిత్రం కూడా అదే ఏడాది వచ్చింది. అందులోని పాటలనూ ఘంటసాలే పాడాడు. ఆర్. బాలసరస్వతీదేవి, జిక్కి, అప్పటికి చిన్నపిల్ల అయిన కె. రాణి పాడిన పాటలు కూడా జనాదరణ పొందాయి. హిందీలో బిమల్ రాయ్ దేవదాస్, తలత్ మహమూద్ గానంతో, 1955లో గాని రాలేదు. గ్రామఫోను రికార్డుల ద్వారా, పెళ్ళిపందిళ్ళలోని మైకు సెట్ల ద్వారా, టూరింగు టాకీసుల ద్వారా దేవదాసు పాటలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవరకూ చేరాయి. శుభకార్యంలో విషాద గీతాలేమిటని పెద్దలు కోప్పడినా, రికార్డులు వేసేవారు మానలేదు. దేవదాసు అనే పేరు తెలుగులో సామాన్య నామమయింది. గడ్డం పెంచుకొని దిగులుగా తిరిగే యువకుని దేవదాసు అనడం వాడుకలో స్థిరపడింది.

దేవదాసు తరువాత

దేవదాసు విజయం తరువాత వినోదా పిక్చర్స్ చిత్రాలకు ఘంటసాల సంగీత దర్శకుడయ్యాడు. వాటిలో కన్యాశుల్కం (1955) ప్రత్యేకంగా చెప్పుకోదగినది. తాను జోలె పట్టి తిరిగిన ఊరిలో పుట్టిన నాటకానికి ఆయన సంగీతం సమకూర్చాడు. గురజాడ వ్రాసిన పుత్తడిబొమ్మ పూర్ణమ్మ గేయాన్ని ఈ చిత్రంలో ఉపయోగించారు. ముసలివానికి అమ్ముడుపోయిన బాలిక కథ అది. అదే సంస్థ తీసిన చిరంజీవులు (1956) కూడా విషాద ప్రేమకథే.

మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), లవకుశ (1963), రహస్యం (1967) మొదలైన వందకు పైగా చిత్రాలకు సంగీతం అందించాడు. పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచిన జయభేరి (1959), జగదేకవీరుని కథ (1961) చిత్రాలలో పాడిన పాటలు విజయనగరం విద్యకు నేరుగా సాక్ష్యం చెబుతాయి. దేవదాసులో దాచుకున్న పాండిత్యాన్ని అక్కడ పూర్తిగా వెల్లడించాడు. ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరికీ రెండు దశాబ్దాలపాటు ఆయన గొంతే వినిపించింది. ఇద్దరికీ వేరువేరుగా వినిపించేటట్లు పాడేవాడు. ప్రేమ్ నగర్ (1971)లో నాగేశ్వరరావు మరల తాగుబోతు ప్రేమికునిగా నటించినప్పుడు, ఆ విషాద గీతాలు మరల ఘంటసాలవే.

సినిమా వెలుపల జంధ్యాల పాపయ్యశాస్త్రి (కరుణశ్రీ) పుష్పవిలాపం పద్యాలను పాడి ఇచ్చిన రికార్డు విశేష ప్రచారం పొందింది. ఆయన సొంతంగా నిర్మించిన పరోపకారం (1953), సొంతవూరు (1956), భక్త రఘునాథ్ (1960) చిత్రాలు మాత్రం ఆర్థికంగా కలిసిరాలేదు.

విజయనగరంతో అనుబంధం

గురువు కుమారుడైన పట్రాయని సంగీతరావు (1920-2021) మద్రాసులో ఘంటసాలకు చాలాకాలం సహాయకునిగా, హార్మోనియం విద్వాంసునిగా పనిచేశాడు. గుడిలో దిక్కులేక పడి ఉన్న విద్యార్థికి తండ్రి చూపిన ఆదరణకు, పెద్దవాడైన ఆ విద్యార్థి ఇంట కుమారునికి లభించిన స్థానం ఒక రకమైన బదులు. సంగీతరావు తరువాత వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చి పేరుపొందాడు.

ఘంటసాలతో ఎక్కువ యుగళగీతాలు పాడిన పి. సుశీల జన్మస్థలం విజయనగరం. ఆమె కూడా మహారాజా సంగీత కళాశాలలోనే చదివింది. ఇద్దరికీ మధ్య పదమూడేళ్ళ తేడా ఉన్నా, ఒకే కళాశాల ఉచ్చారణ స్పష్టత వారి పాటలలో కనిపిస్తుంది.

చివరి రోజులు

భారత ప్రభుత్వం 1970లో పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన నేపథ్య గాన రజతోత్సవం జరిగింది. 1971లో అమెరికా, ఇంగ్లాండు, జర్మనీలలో పర్యటించి కచేరీలు చేశాడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసునిగా కూడా ఉన్నాడు.

అప్పటికే మధుమేహం ఆయనను బాధిస్తూ ఉండేది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. కోలుకున్నాక భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో పాడి రికార్డు చేశాడు. ఆ రికార్డు ఆయన మరణానంతరం విడుదలైంది. ఉత్తరాంధ్రలోనే కాక తెలుగునాట అంతటా, ఇంట ఎవరైనా మరణించినప్పుడు ఈ రికార్డు వేయడం ఆచారంగా మారింది.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళ వయస్సులో, మద్రాసులో మరణించాడు. అదే సంవత్సరం డిసెంబరులో కృష్ణ, విజయనిర్మల నటించిన కొత్త దేవదాసు, రమేశ్ నాయుడు సంగీతంతో, విడుదలయింది. అందులో దేవదాసుకు పాడినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. భారత తపాలా శాఖ 2003 ఫిబ్రవరి 11న ఘంటసాల స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఆయన చదివిన విజయనగరం సంగీత కళాశాలకు 2019లో నూరేళ్ళు నిండాయి.